గేటు తీసి వచ్చేలోగా

కారు మీది టార్పాలిన్‌ను ఒక కొస మెకానిక్ మేస్త్రి, ఇంకో కొస మరిది పట్టుకుని లాగేసరికి, మడతల్లో పేరుకున్న ధూళీ ఎండుటాకులూ కలిసి ఇద్దరి నెత్తినా పడ్డాయి. మేస్త్రి దులుపుకోలేదు. ఆయన చొక్కాకి జరగవలసినవన్నీ ఎప్పుడో జరిగిపోయాయి. మరిది మాత్రం ఇస్త్రీ మడత చూసుకుని, "ఎన్నిసార్లు చెప్పాను వదినా, అప్పుడప్పుడైనా దీన్ని దులిపించమని," అన్నాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. మెడ చుట్టూ టేపు, చేతిలో బడిపిల్లల చొక్కా. వీధి వీధంతా ఆమెను మిషను పిన్ని అనే పిలుస్తుంది. కడుపున పుట్టినవాళ్ళు లేరు గానీ పిన్నీ అని పిలిచేవాళ్ళకి లోటు లేదు. భర్త పోయిన దగ్గర్నుంచి షెడ్డులో కారు అలాగే ఉంది. అమ్మేద్దామన్నది మరిది మాట. వద్దనడానికి ఆమెకి ఓపిక లేదు. ఈమధ్య ఎవరేమన్నా సరే అనడమే తేలికగా ఉంటోంది.

కారు లేత ఆకుపచ్చది. గుండ్రటి దీపాలు, వీపంతా వంపు. అలాంటివి ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదు. టైర్లన్నీ గాలి దిగి నేలకి అంటుకుపోయాయి.

"మహాతల్లి ఎలా చతికిలపడిందో చూడు," అంటూ మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమవైపు ఆగాడు. "అన్ని పక్కలా తాడు బిగించి కట్టారు. ఈ పక్క వదిలేశారేం అక్కగారూ?"

"ఊడిపోయుంటుంది," అంది పిన్ని.

"ఆదివారం పొద్దున్నే వస్తానన్నాడు మేస్త్రీ ఆయన," అన్నాడు మరిది. "ఇంజను చప్పుడు చెవులారా వింటే గానీ తీసుకోడట. స్టార్టు కాని బండిని తన షెడ్డు గడప తొక్కనివ్వడట."

ఆయనంటే పాతకార్లాయన. ఊరి రెండో చివర పెద్ద షెడ్డు నిండా పాతకార్లు పెట్టుకుని, పెళ్ళిళ్ళకీ సినిమా షూటింగులకీ అద్దెకిస్తాడు.

"పాడమంటే పాడ్డానికి ఇదేమన్నా రేడియోనా బాబుగారూ? ఏడాదిగా పలకరించేవాడు లేక పడుంది. బతిమాలాలి, బుజ్జగించాలి. తాళం ఏదక్కా?"

పిన్ని లోపలికి వెళ్ళి, మిషను సొరుగులో దారపు కండెల మధ్య నుంచి తాళం తీసుకొచ్చి ఇచ్చింది. వెతకలేదు. చెయ్యి నేరుగా అక్కడికే వెళ్ళింది.

మేస్త్రి డ్రైవరు సీటు మీద గుడ్డపీలిక పరిచి, ఇంకా కూర్చోకుండానే చెయ్యి చాపి తాళం తిప్పాడు. డాష్‌బోర్డు మీద బటాణీగింజంత ఎర్రదీపం వెలిగింది. వెనక నుంచి పెట్రోలు పంపు టిక్కు టిక్కు టిక్కుమంది.

"ఓర్నీ!" అన్నాడు మేస్త్రి. "బ్యాటరీ బతికే ఉందే!"

"అయితే ఇప్పుడే స్టార్టు చేసెయ్," అన్నాడు మరిది.

"కళ్ళు తెరిచాడు కదా అని మనిషి లేచి నడుస్తాడా బాబుగారూ?" అనేసి, గుమ్మంలో ఎవరున్నారో గుర్తొచ్చి మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. తాళం ఆపేశాడు. పిన్ని వినపడనట్టే చొక్కా తిరగేసి కాజా చూసుకుంది.

అప్పుడే బండి మామ తన వ్యాను వెనక్కి నడుపుకుంటూ గేట్లోంచి లోపలికొచ్చాడు. నలభై దాటిన మనిషి. బడిపిల్లలు పెట్టిన పేరది. పిల్లలు అనగా అనగా వీధికి అలవాటై, ఇప్పుడు మేస్త్రి అంతటివాడు కూడా "ఏం మామా," అంటాడు. రోజూ పిల్లల్ని దింపేసి వ్యాను ఈ పెరట్లోనే పెట్టుకుంటాడు. పెట్టుకోమన్నది పిన్ని భర్తే. ఈ నెలతో ఆ వ్యానుకి పని లేదు. బడివాళ్ళు సొంతంగా బస్సులు కొనుక్కున్నారు. పాతకార్లాయన ఈ కారుతోపాటు బండి మామని కూడా డ్రైవరుగా తీసుకుంటానని మాటిచ్చాడు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు, మంచంలో ఉన్న తల్లి. అందరూ ఆ మాట పట్టుకునే ఉన్నారు.

"మామా, నీ కొత్త యజమానురాల్ని లేపుతున్నాం. ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు మేస్త్రి.

బండి మామ చెప్పులు పక్కన విడిచి వచ్చాడు.

ముందు టైర్లకి గాలి కొట్టారు. తర్వాత మేస్త్రి ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచాడు నూనె పోసి, ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో ఇంజను తిప్పి చూశాడు. మొదట కదల్లేదు. ఊపిరి బిగబట్టి బరువంతా వేస్తే, నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు మెల్లగా కదిలింది. "పట్టెయ్యలేదు. బతికించావు తల్లీ," అని మేస్త్రి అక్కడే కూర్చుండిపోయి మోకాళ్ళు రుద్దుకున్నాడు. గాలి వడపోసే డబ్బా విప్పితే అందులో ఎలుకలు పెట్టిన గూడు ఉంది. రంగురంగుల గుడ్డముక్కలు, దారప్పోగులు.

"ఇదంతా మీ మిషను కిందదే అక్కా. మీరు కుట్టింది చాలక అవి కూడా కుట్టాయి."

పిన్నికి నవ్వొచ్చింది. అది మొహం దాకా వచ్చేలోపే అలసిపోయింది.

పాత పెట్రోలు బకెట్లోకి దించారు. టీ డికాషను రంగులో ఉంది, వార్నీషు వాసన కొడుతోంది. ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ విప్పి కిరసనాయిలులో నానబెట్టి, "ముందు దీని తిండి సంగతి చూద్దాం. మిగతావి రేపు," అని మేస్త్రి వెళ్ళిపోయాడు. తాళం కారుకే ఉంది.

సాయంత్రం గుండీల పని ముగించి పిన్ని షెడ్డులోకి వచ్చింది. రోజూ ఈ వేళకి ఎడమవైపు టార్పాలిన్ పైకెత్తి, వంగి లోపలికి దూరేది. ఇవాళ దూరవలసిన పని లేదు. తలుపు తీసి ఎప్పుడూ కూర్చునే ఎడమ సీట్లో కూర్చుంది. సీటు గుడ్డ తను కుట్టిందే, అంచుకి రెండు వరసల కుట్టు వేసి. చెయ్యి చాపి తాళం తిప్పింది. ఎర్రదీపం వెలిగింది.

ఆయనకో పద్ధతి ఉండేది. ముందు తాళం తిప్పి, అప్పుడు దిగి వెళ్ళి గేటు తీసేవాడు. పంపు కార్బురేటర్‌ని నింపుతూ టిక్కుటిక్కుమంటూ ఉండేది. నిండగానే ఆగేది. అది ఆగేలోగా ఆయన గేటు బార్లా తెరిచి, రాయి అడ్డం పెట్టి, చేతులు దులుపుకుంటూ వచ్చి కూర్చుని సెల్ఫ్ లాగేవాడు. ఇంజను అందుకునేది, ఎర్రదీపం ఆరేది. ఆయన గేటు తీసి వచ్చేదాకా ఈ సీట్లో ఒళ్ళో సంచీ పెట్టుకుని, దీపం చూస్తూ, టిక్కుటిక్కు వింటూ ఆమె ఎదురుచూసేది. అన్నేళ్ళ కాపురంలో అలాంటి కాసేపు ఎన్నిసార్లు వచ్చిందో. అప్పుడు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

ఇప్పుడు ఆ కాసేపటికే వచ్చి కూర్చుంటోంది. పంపు ఆగాక కూడా వెంటనే తాళం తియ్యబుద్ధి అయ్యేది కాదు. ఒక్కోసారి ఎర్రదీపం చూస్తూనే కునుకు పట్టేది. మెలకువ వచ్చేసరికి చీకటి పడి ఉండేది.

ఇవాళ ట్యాంకు ఖాళీ. పంపు ఆగలేదు. ఎంతసేపు చూసినా టిక్కుటిక్కుమంటూనే ఉంది. వినలేక తనే తాళం తీసేసింది.

పెరట్లో బండి మామ వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు. ఇటు తిరగలేదు. ఆ వేళప్పుడు అతను ఎప్పుడూ ఇటు తిరగడు.

*

మర్నాడంతా కార్బురేటర్‌తోనే సరిపోయింది. పీల్చే దారులన్నీ జిగురు కట్టి మూసుకుపోయాయి. మేస్త్రి సన్నటి తీగతో ఒక్కో రంధ్రం పొడిచి, నోటితో ఊది, వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. పెట్రోలు మీద తేలే డొల్లబిళ్ళని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపలికేం చేరలేదని తృప్తి పడ్డాడు. ప్రతి మరనీ సత్తుపళ్ళెంలో, విప్పిన వరసలోనే పెట్టుకున్నాడు. పిన్ని టీ తెచ్చి పళ్ళెం పక్కన పెడితే, "అక్కడొద్దక్కా, మర అనుకుని దాన్ని కూడా బిగించేస్తాను," అన్నాడు.

కొత్త పెట్రోలు పోశారు. తాళం తిప్పితే పంపు కాసేపు కొట్టుకుని, నిండాక బుద్ధిగా ఆగింది. మేస్త్రి సెల్ఫ్ లాగాడు. ఇంజను గిరగిరా తిరిగింది. తిరిగిందే గానీ అందుకోలేదు. మళ్ళీ లాగాడు. చోక్ పూర్తిగా లాగి, సగం లాగి, అసలు లాగకుండా, అన్నిరకాలుగా చూశాడు. పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

"తిండి పెట్టాం, నీళ్ళు పెట్టాం. ఇంకా మూతి ముడుచుకునే ఉందంటే ఇది కడుపులో సంగతి కాదు," అన్నాడు మేస్త్రి గుడ్డకి చేతులు తుడుచుకుంటూ. మొహం వాడిపోయింది. "మా బావగారైతే ఈపాటికి నన్ను నాలుగు తిట్టేవారు. తిట్టేవాళ్ళు లేకపోతే పని కూడా సాగదక్కా."

మరిది ఫోనులో, "అబ్బే, చిన్న చిన్నవే మిగిలాయండీ. ఆదివారానికి గుర్రంలా ఉంటుంది," అని పాతకార్లాయనకి చెబుతున్నాడు.

*

శనివారం మధ్యాహ్నం మేస్త్రి ఒక ప్లగ్గు బయటికి తీసి, తీగ తగిలించి, ఇంజను ఇనుము మీద ఆనించి పట్టుకున్నాడు. బండి మామ సెల్ఫ్ లాగాడు. ప్లగ్గు కొసన నిప్పురవ్వ ఎగరాలి. ఎగరలేదు.

"అదీ సంగతి. కరెంటు రావట్లేదు."

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కరెంటుని కలిపీ తెంపీ చేసే పాయింట్లు చూశాడు. అవి మాడి నల్లబడి ఉన్నాయి. అప్పుడు కాయిల్ విప్పాడు. ప్లగ్గులకి కరెంటు అందించే, అరచేతిలో పట్టేంత ఇనపడబ్బా అది. అడుగున తారులాంటిది కారి, గడ్డకట్టి ఉంది. మేస్త్రి దాన్ని తిప్పి తిప్పి చూశాడు, వాసన చూశాడు.

"ఏమైంది?" అన్నాడు మరిది.

"ఉడికిపోయింది బాబుగారూ."

"ఆడకుండా కూర్చున్న బండి ఎలా ఉడుకుతుందయ్యా?"

"ఆడితే ఉడకదు. ఇంజను తిరుగుతున్నప్పుడు దీనికి కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, ఊపిరి తీసుకున్నట్టు. ఇంజను తిరక్కుండా ఉత్త తాళం తిప్పి వదిలేస్తే, కరెంటు వచ్చింది వచ్చినట్టే ఉండిపోతుంది. కాలిపోతుంది. ఇది ఒక్క రోజులో కాలింది కాదు."

పిన్ని గుమ్మంలో కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. సూది గుడ్డలోకి దిగి అక్కడే ఆగింది.

"అంటే ఎవరో తాళం తిప్పుకుని కూర్చుంటున్నారు," అన్నాడు మరిది మెల్లగా. చాలాకాలం ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేసిన మనిషి. విచారణ అంటే ఆయనకి హుషారు. "ఉండు ఉండు. ఏడాది పడున్న బండికి బ్యాటరీ ఎలా బతికుంది మేస్త్రీ? మొన్నే నాకు అనుమానం రావలసింది."

మేస్త్రి కాయిల్ వైపే చూస్తూ, "ఎవరో ఛార్జింగ్ పెట్టిస్తున్నారు. నీళ్ళు పోసి ఉన్నాయి, కొసలకి గ్రీజు రాసి ఉంది," అన్నాడు. చెప్పాక, ఎందుకు చెప్పానా అన్నట్టు మొహం పెట్టాడు.

మరిది సందు చివరనున్న బ్యాటరీ షాపుకి వెళ్ళి వచ్చాడు. వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"బండి మామా, ఇలా రా."

బండి మామ చేతిలో తడిగుడ్డతో వచ్చాడు.

"ఈ బ్యాటరీ నీ వ్యాన్లోనే షాపుకి వెళ్ళిందట కదా. ఒకసారి కాదట."

"అవును బాబుగారూ. నేనే తీసుకెళ్ళాను."

"ఎవరు తీసుకెళ్ళమన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

"మరెందుకు తీసుకెళ్ళావు?"

బండి మామ గుడ్డ పిండాడు. అందులో నీళ్ళు లేవు. "చచ్చిపోకూడదని."

"బ్యాటరీ చావకూడదు, కాయిల్ చావచ్చు! బాగుంది. ఇందులో కూర్చుని ఏం చేసేవాడివి? స్నేహితుల్ని ఎక్కించుకుని గొప్పలు పోయేవాడివా? మా అన్నయ్య ప్రాణంలా చూసుకున్న బండి ఇది. పెరట్లో చోటిచ్చింది దీని పీక పిసకమనా?"

"బాబుగారూ, కాయిల్ నేను తెచ్చిస్తాను," అన్నాడు బండి మామ నేలచూపులు చూస్తూ.

"చూశావా వదినా? ఒప్పుకున్నట్టేగా!" అని మరిది ఆమె వైపు తిరిగాడు. "ఇలాంటివాణ్ణి డ్రైవరుగా పెట్టుకోమని ఆయనకి నేనెలా చెప్పను? రేపు ఉన్న సంగతి చెప్పేస్తాను. మళ్ళీ నన్ను మాట అనకూడదు చూడు."

పిన్ని లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఏం చెప్పాలి? రోజూ సాయంత్రం చీకటి షెడ్డులో కూర్చుని పోయిన మనిషి కోసం ఎదురుచూస్తున్నానని ఈ మగవాళ్ళ ముందు చెప్పాలి. మరిది జాలిపడతాడు. జాలిపడి, ఇక ఒక్కదాన్నే ఉండనివ్వనంటాడు. వీధి అంతా మంచిగానే, మెత్తగానే చెప్పుకుంటుంది. బండి మామ ఒక్కసారి ఆమె వైపు చూసి, కనీకనిపించకుండా తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుని మళ్ళీ సూది పట్టుకుంది. చొక్కా పూర్తయ్యాక చూస్తే, కుడిపక్క రావలసిన గుండీలన్నీ ఎడమపక్కన ఉన్నాయి.

*

పొద్దువాలుతుండగా బండి మామ వ్యానులోంచి తన సామాను దించుకుంటున్నాడు. పిల్లలు మరిచిపోయిన గొడుగు, ఒంటి చెప్పు, సీటు కింద దొరికిన బలపాలు. అన్నీ ఒక సంచిలో వేస్తున్నాడు. పిన్ని దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

అతను ఏం తెలుసని అడగలేదు. "మొదట్లోనే చూశాను పిన్నిగారూ. ఎర్రగా ఏదో వెలుగుతోంటే నిప్పేమోనని పరిగెత్తుకొచ్చాను. చూస్తే మీరు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? చూశానని చెప్పనా?"

ఆమె వ్యాను తలుపు పట్టుకుంది. ఎండకి కాగిన ఇనుము ఇంకా వేడిగానే ఉంది.

"ఒకరోజు దీపం వెలగలేదు," అన్నాడతను సంచి మూతి ముడి వేస్తూ. "మీరు తాళం తిప్పుతారు, తీస్తారు, మళ్ళీ తిప్పుతారు. ఎన్నిసార్లు తిప్పారో. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి మీ వంటింట్లో లైటు వెయ్యలేదు. పొద్దున మీరు బడికి బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడు బ్యాటరీ విప్పి తీసుకెళ్ళాను."

ఆమెకి గుర్తుంది. మర్నాడు సాయంత్రం ఏ ఆశా లేకుండానే తాళం తిప్పింది, వెలిగింది. ఎలా వెలిగిందని అడగలేదు. అడిగితే మళ్ళీ ఆరిపోతుందేమోనని భయపడింది.

"కాయిల్ కాలిపోతుందని నాకు తెలీదు పిన్నిగారూ. మా వ్యాన్లో అలాంటివేం లేవు. బ్యాటరీని అలాగే వదిలేసి ఉంటే మీరూ మానేసేవారు, కాయిలూ బతికేది. ఒక రకంగా బాబుగారు అన్నది నిజమే, నావల్లే పోయింది."

"ఇంకా నయం. నాకు చేసిన సాయాన్ని నువ్వే తప్పంటున్నావా?"

"ఆ మాట మాత్రం రేపు చెప్పకండి. అది మీ ఇంటి సంగతి. నలుగురి నోళ్ళలో పడితే మీరింక అలా కూర్చోలేరు." కాస్త ఆగి, "ఇంకో బండి దొరక్కపోదు," అన్నాడు. ఆ మాటకి బలం లేదని ఇద్దరికీ వినపడింది.

"రేపటి నుంచి కారే ఉండదు. ఇంక ఎందులో కూర్చుంటానురా?" అంది పిన్ని. అతన్ని రా అని ఎప్పుడూ అనలేదు. అన్నట్టు ఆమెకి తెలియలేదు కూడా.

లోపలికి వెళ్ళి, ఎడమపక్క కుట్టిన గుండీలన్నీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

*

ఆదివారం ఎండ ఇంకా పెరట్లోకి దిగకముందే మేస్త్రి వచ్చాడు. తన షెడ్డులో ఎప్పుడో విప్పి దాచిన కాయిల్ ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. పాయింట్లని గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచేసి, తెచ్చిన కాయిల్ బిగించాడు. ప్లగ్గు ఆనించి చూస్తే నీలంగా రవ్వ ఎగిరింది. స్టార్టు మాత్రం చెయ్యలేదు. "వచ్చే పెద్దమనిషి ఎదుటే చేద్దాం. ముందే వేడెక్కించి ఉంచామనుకుంటాడు," అన్నాడు.

పాతకార్లాయన పొట్టి మనిషి, దళసరి కళ్ళద్దాలు. వస్తూనే ఎవర్నీ పలకరించకుండా కారు చుట్టూ తిరిగి, మడ్‌గార్డు తట్టి, వంగి అడుగుభాగం చూసి, సీటు గుడ్డ మీద వేలు రాశాడు. "ఈ కుట్టు ఎవరిది? షోరూములో కూడా ఇంత నీటుగా కుట్టరు," అన్నాడు. తర్వాతే నమస్కారం పెట్టాడు.

"మా వదినగారిదే," అన్నాడు మరిది. "అంతా సిద్ధంగా ఉందండీ. ఒక్కటే మాట. ఆ డ్రైవరు సంగతి..."

"అవునూ, ఎక్కడ అతను?"

బండి మామ గేటు అవతల రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. వ్యాను పెరట్లోంచి తీసి అక్కడ పెట్టుకున్నాడు. ఇవాళ గేటు దాటి లోపలికి రాలేదు.

"అదే చెబుతున్నాను. మనిషి నిలకడ మీద నాకు..."

"తాళం తిప్పింది నేను," అంది పిన్ని.

మరిది ఆగిపోయాడు. "ఏంటి వదినా?"

"కాయిల్ కాల్చింది నేను. అతను కాదు."

"నువ్వా? నీకు డ్రైవింగ్ రాదు కదా!"

"రాదు. అందుకే తిప్పి ఊరుకున్నాను."

మేస్త్రి పానా పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. పాతకార్లాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, "ఎందుకమ్మా?" అన్నాడు. వెక్కిరింతగా కాదు, నిజంగానే తెలియక.

"పంపు చప్పుడు వినడానికి," అంది. అక్కడితో ఆపెయ్యాలనుకుంది. కానీ ఇంత దాకా వచ్చిన మాటని సగంలో వదిలేస్తే మళ్ళీ అతని మీదకే పోతుందనిపించింది. "మా ఆయన ముందు తాళం తిప్పి, గేటు తియ్యడానికి వెళ్ళేవారు. ఆయన వచ్చేదాకా నేను లోపల కూర్చునేదాన్ని. ఈ ఏడాదీ సాయంత్రాలు వచ్చి అలాగే కూర్చున్నాను. దీపం వెలగని రోజున అతను చూసి, బ్యాటరీ బాగు చేయించి తెచ్చి పెట్టాడు. నేను అడగలేదు. నిన్న వీళ్ళు అతన్ని నిలదీస్తుంటే అక్కడే నిలబడి నోరు మెదపలేదు. తప్పేదన్నా ఉంటే అదీ."

రోడ్డు మీద సైకిలు గంట మోగించుకుంటూ ఎవరో వెళ్ళిపోయారు. మరిది మొహంలో ఏవేవో మారాయి. ఆమె భయపడినట్టే జాలి కూడా వచ్చింది, కానీ దాని వెనకే ఇంకేదో వచ్చింది. ఆయనకీ ఒకప్పుడు ఆ కారు వెనక సీట్లో కూర్చుని అన్న గేటు తీసి వచ్చేదాకా ఎదురుచూసిన రోజులున్నాయి. వంగి చక్రాల వెనక అడ్డం పెట్టిన రాళ్ళు తీయడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా చేతులకి మట్టి అంటింది. చూసుకోలేదు.

"మంచి డ్రైవరే దొరికాడు నాకు," అన్నాడు పాతకార్లాయన, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత గట్టిగా, "పిలవండి మరి! చప్పుడు వినకుండా నేను కదలను," అన్నాడు.

మేస్త్రి గేటు వైపు కేకేశాడు. "మామా! అక్కడ దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? నీ బండి పిలుస్తోంది."

బండి మామ వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా, చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పిన్ని తాళం అతని చేతికి ఇవ్వలేదు. ఎడమ తలుపు తీసి తన సీట్లో కూర్చుంది. చెయ్యి చాపి తనే తిప్పింది. ఎర్రదీపం వెలిగింది. పంపు టిక్కుటిక్కుమంది.

"ముందు వెళ్ళి గేటు తీసి రా," అంది. "ఈ చప్పుడు ఆగేలోగా రావాలి. అదీ పద్ధతి."

అతను దిగి వెళ్ళాడు. అద్దంలోంచి ఆమెకి అతని వీపు కనిపిస్తోంది. ఒక రెక్క లాగాడు, తర్వాత రెండోది. గాలికి మూసుకోకుండా రాయి అడ్డం పెట్టాడు. పంపు నిదానించింది. టిక్కు. కాస్త ఎడంగా ఇంకో టిక్కు. ఆమె ఒళ్ళో చేతులు ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి. ఇక్కడే, ఈ ఏడాదంతా, తిరిగి వచ్చేవాళ్ళు లేక, ఇక్కడే ఆగిపోయేది.

పంపు ఆగింది. బండి మామ చేతులు దులుపుకుంటూ వచ్చి, తలుపు తీసి కూర్చున్నాడు.

"చోక్ సగం లాగు," అంది పిన్ని. "ఇప్పుడు సెల్ఫ్."

ఇంజను రెండుసార్లు దగ్గి, ఒక తుమ్ము తుమ్మి, అందుకుంది. షెడ్డు రేకులు గలగలలాడాయి. మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచాడు గానీ వినపడలేదు. కారంతా సన్నగా వణుకుతోంది. ఆమె డాష్‌బోర్డు వైపు చూసింది.

ఎర్రదీపం ఆరిపోయింది.

చాలాసేపు ఆ చోటే చూసింది. తర్వాత తలుపు తీసుకుని దిగింది. "మెల్లగా పోనీ," అని మాత్రం అంది. కారు ఆమె పక్కనుంచి కదిలి, గేటు దాటి, వంపు తిరిగి రోడ్డు మీదికి వెళ్ళింది. మరిదీ మేస్త్రీ దాని వెనకే బయటికి నడిచారు.

పిన్ని వెళ్ళి రాయి పక్కకి జరిపి, రెండు రెక్కలూ దగ్గరికి లాగింది. ఆ గేటు ఇంత బరువుంటుందని ఆమెకి తెలియదు. గడియ పెట్టి, చేతులు దులుపుకుంటూ ఇంట్లోకి నడిచింది.